చివరిదాకా విన్న పెద్దమ్మ

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఆవిడ నోట్లో నోరు పెట్టడానికి డాక్టర్లు కూడా జంకేవారు. ఎదుటివాళ్లు మాట మొదలుపెట్టగానే అందుకుని తీర్పు చెప్పేసేది.

రిటైరయ్యాక ఏమీ తోచక లైబ్రరీలో సభ్యురాలిగా చేరింది. తేనెటీగల పెంపకం, ఓడ ప్రయాణాలు, ఖైదీల ఉత్తరాలు, ఏది దొరికితే అది కూడబలుక్కుంటూ చదివేది. "ఈయన మొహం, ఈయనకేం తెలుసు!" అని రాసినవాళ్లను తిట్టేది కానీ, పుస్తకం మాత్రం మధ్యలో మూసేది కాదు.

మొన్న నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగానే కోడలు బెరుగ్గా వచ్చి, "అత్తయ్యా, ఉద్యోగం మానేశాను" అంది. ఇక ఇంటికప్పు ఎగిరిపోతుందనుకున్నాను. పెద్దమ్మ కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, "ఊఁ, తర్వాత?" అంది.

ఆఫీసులో పడ్డ అవమానాలు, నర్సు కావాలన్న కోరిక, అన్నీ కోడలు అరగంటసేపు చెప్పుకుంది. పెద్దమ్మ ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

"మంచిపని చేశావమ్మా. రేపు ఆసుపత్రికి వెళ్లి నర్సు కోర్సు సంగతి కనుక్కుందాం. నేనూ వస్తా."

కోడలు కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లాక, "పెద్దమ్మా, నువ్వేనా?" అన్నాను.

"పుస్తకంతో మధ్యలో దెబ్బలాడితే అది జవాబు చెప్పదే. చివరిదాకా వినాల్సిందే. మనుషులూ అంతేనని ఈ వయసులో తెలిసింది..."

"మరి ఇన్నాళ్లూ..." అనబోయాను.

"నన్ను చివరిదాకా చెప్పనీవే!" అని కసిరింది.