సిరిసిల్ల అల్లుడు

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలో ఒకే ఒక్క దిగులు ఉండేది. అది కూడా నాది కాదు, మా ఫుట్‌బాల్ క్లబ్బుది. డిగ్రీ అయిపోగానే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "కొత్త బ్యాచ్ ఎప్పుడు మేడం, సార్ మంచిగ చెప్తడా" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడమే నా పని. కిటికీలోంచి చూస్తే ఎదుటి బిల్డింగులో అంతస్తుకొక కోచింగ్ సెంటర్. బ్యాంకు పరీక్షకు, పోలీసు పరీక్షకు, ఇంగ్లీషు మాట్లాడడానికి, ఆఖరికి ఇంటర్వ్యూలో ఎంతవరకు నవ్వాలో నేర్పడానికి కూడా కోచింగ్ దొరికే ఆ రోడ్డు మీద కూర్చుని, మా క్లబ్బుకు మాత్రం ఒక్క కోచ్ దొరకడం లేదని నేను లోలోపల కుమిలిపోయేదాన్ని. (జీతం ఇచ్చే యజమాని గురించి ఎప్పుడైనా అంత బాధపడ్డానా అంటే, లేదు.)

క్లబ్బు పేరు చెప్పను. చెప్తే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. ఆ ఏడాది లీగు పట్టికలో మా పేరు వెతకాలంటే కింది నుంచి చదవడం మొదలుపెట్టాలి, అప్పుడైతే వెంటనే దొరుకుతుంది. ఒక్క మ్యాచ్‌లో మాత్రం ఓడిపోలేదు. ఆ రోజు కుండపోత వాన పడి మ్యాచ్ ఆగిపోయింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిని దాన్ని కూడా పండగ చేసుకున్నాం. 'మేము' అంటే నేనూ, పెనాల్టీ. పెనాల్టీ నా డిగ్రీ స్నేహితురాలు, ఎల్‌బీ నగర్‌లో ఉండేది. మ్యాచ్‌లో పెనాల్టీ కిక్ వచ్చిందంటే చాలు, వెనక్కి తిరిగి కళ్లు మూసుకుని "ఏమయిందే, ఏమయిందే" అని నా చెయ్యి గిల్లుతూ ఉండేది. అందుకని ఆ పేరు. గోలైనా, కాకపోయినా నా చెయ్యి మాత్రం కమిలిపోయేది.

ఉన్న కోచ్ సీజన్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. కొత్తాయన ఎవరో సెర్బియా నుంచి వస్తున్నాడని పుకారు. ఇవాళ ప్రకటిస్తారు, రేపు ప్రకటిస్తారు అంటున్నారే గానీ క్లబ్బు వాళ్లు నోరు విప్పడం లేదు. పెనాల్టీ ఒక రూలు పెట్టింది. సంతకం అయ్యేదాకా నోటితో 'కోచ్' అన్న మాట అనకూడదు. వెనకటిసారి అలా అనుకుంటూ సంబరపడితే, వస్తానన్న మనిషి ఇంకో క్లబ్బుకు పోయాడట. "ఆయన అను చాలు, మనకు తెల్వదా ఏంది" అంది. అన్ని అనర్థాలకూ మూలం ఈ రూలే.

మేము సైదాబాద్ వైపు పోయే సందులో ఒక ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్నది పోచంపల్లి, మగ్గం నేసే కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల షాపులో చేసేవాడు. రోజంతా చీరలు విప్పి చూపించి గొంతు అరిగిపోయేదేమో, ఇంట్లో మాట్లాడేది తక్కువ. కింద ఓనరాంటీ ఉండేది. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, చాలా మంచిది. ఆమె చెవులు కూడా చాలా మంచివి. నేను ఆఫీసు నుంచి రాగానే డాబా ఎక్కి, చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరుగుతూ పెనాల్టీతో ఫోన్లో మాట్లాడేదాన్ని. నీళ్ల ట్యాంకు అవతల ఆంటీ ఆరిన బట్టలు తీస్తూ ఉండేది. ఆమెకు నా మాటలు మాత్రమే వినబడేవి, పెనాల్టీవి వినబడేవి కావు. ఇప్పుడు తలుచుకుంటే, నా మాటలు మాత్రమే విన్న ఏ మనిషికైనా గుండె ఆగిపోవాలి.

"వయసుదేముందే? యాభై ఎనిమిదైతే ఏంది, అనుభవం ముఖ్యం" అన్నాను ఒక సాయంత్రం. "ఇంతకుముందు నలుగురొచ్చి పోయిండ్రు, ఒక్కడన్న నిలిచిండా? పోతూ పోతూ మనకేం మిగిల్చిండ్రు, పరేషాన్ తప్ప?" అన్నాను ఇంకో సాయంత్రం. ఇవన్నీ ఒక ఎత్తు. "ఉన్నకాడ తెగదెంపులు చేసుకున్నంకనే మన దగ్గరికొస్తడంట. ముందు రెండేండ్లకు రాసుకుంటరు, మంచిగనిపిస్తే ఇంకో ఏడాది" అని నేను గట్టిగా, ఆశగా చెప్పిన సాయంత్రం మాత్రం ట్యాంకు అవతల ప్లాస్టిక్ బకెట్ దబ్బున కింద పడిన చప్పుడైంది. పిల్లి అనుకున్నాను.

ఆంటీ ఆ బకెట్ అక్కడే వదిలేసి మా ఇంట్లోకి దిగిందట. ఈ ఘట్టాన్ని తర్వాత అమ్మ ఎన్నోసార్లు నటించి చూపించింది. "వదినగారూ, ఏమనుకోకండి, ఆడపిల్ల సంగతి కాబట్టి చెప్తున్నాను. మీ అమ్మాయికి ఎవరో యాభై ఎనిమిదేళ్లాయనతో... ఎలా చెప్పనండీ... రెండేళ్లకి అగ్రిమెంటంటండీ! ఇల్లు అద్దెకిచ్చినట్టు!" అందట. అమ్మ కుక్కర్ కింద మంట ఆర్పి అక్కడే కూలబడిందట. "ఇంతకుముందు ఇంకో నలుగురంటండీ" అని ఆంటీ మంచినీళ్లు అందిస్తూ చెప్పిందట.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారిపోయింది. నాకేమీ తెలియదు. అమ్మ నా ప్లేట్లో అన్నం పెట్టి, అలాగే నిలబడి నా ముఖం చూసేది. మూసారాంబాగ్‌లో ఉండే ఎవరో పిల్లవాడి ఫొటో టీవీ పక్కన ప్రత్యక్షమైంది. "సర్కారు నౌకరి, ముప్ఫై కూడ నిండలే" అని, 'ముప్ఫై' అన్న మాటను ఒత్తి పలికింది. నేను పట్టించుకోలేదు. మా క్లబ్బు కోచ్ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు మూసారాంబాగ్ పిల్లవాళ్ల గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది?

శనివారం సాయంత్రం నాన్న టీ గ్లాసు పట్టుకుని డాబా మీదికొచ్చాడు. ఎప్పుడూ రాడు. కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు కేబుల్ వైర్లు చూశాడు. తర్వాత మెల్లగా "బిడ్డా, ఆయన ఒచ్చుడు ఖాయమేనా?" అని అడిగాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. ఇన్నేళ్లకు మా నాన్న ఫుట్‌బాల్ గురించి అడిగాడు! "ఖాయమే నాన్నా, సంతకమొక్కటే బాకీ" అన్నాను. "ఏ ఊరాయనది?" అన్నాడు. "సెర్బియా" అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కింట్లో టైల్స్ కోసే మిషన్ కీచుమంటూ మొదలైంది. నాన్న ముఖం విప్పారింది. "సిరిసిల్లనా?" అని అరిచాడు. ఆ గోలలో నాకు వినబడలేదు, "ఆ, ఆ" అని తలూపాను. మగ్గం గురించో, మనోళ్ల గురించో ఏదో గొణుక్కుంటూ, వచ్చినప్పటికంటే తేలిగ్గా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. చంపాపేట్ నుంచి పెద్దనాన్న వచ్చాడు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. మా వంశంలో ఎవరింట్లో చిక్కొచ్చినా ఆయనే తీర్పరి. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒక్కొక్కరు మాట్లాడుర్రి, మీదవడొద్దు" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తలుపు పక్కన నిలబడ్డాడు. ఓనరాంటీ కరివేపాకు ఇవ్వడానికి వచ్చి, ఇచ్చేసి, వెళ్లడం మరిచిపోయింది.

"బిడ్డా, గా ఆయన సంగతేంది? దాసిపెట్టకుండ చెప్పు" అన్నాడు పెద్దనాన్న.

నాన్నే ఈ కబురు అందరికీ చేరవేసి ఉంటాడు, మా ఇల్లు ఇల్లంతా క్లబ్బు వైపు తిరిగిపోయింది అనుకుని నేను ఉప్పొంగిపోయాను. "దాసుడెందుకు పెద్దనాన్నా, ఊరంతా ఎదురుచూస్తున్నది" అన్నాను.

"ఊరందరికీ తెలిసిపోయిందా!" అంది ఆంటీ.

"పెండ్లయిందా ఆయనకు?"

"అయింది. ముగ్గురు పిల్లలనుకుంట. వాళ్లు ఆడనే ఉంటరు, ఈయనొక్కడే ఒస్తడు."

అమ్మ గొంతులోంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. "సిరిసిల్లల సంసారం పెట్టుకోని ఈడికొస్తడా?" అన్నాడు నాన్న, మొదటిసారి గొంతు పెంచి. సిరిసిల్ల ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

"నలుగురన్నవంట గదా, ముందట?" అన్నాడు పెద్దనాన్న, నేల చూపులు చూస్తూ.

"అవును, నలుగురు. మొదటాయనను నువ్వు కూడ చూసుంటవు పెద్దనాన్నా, టీవీల ఒచ్చిండు."

దాంతో అమ్మ కట్ట తెగింది. "రేపటి సంది డ్యూటీకి పోవుడు బంద్! ఫోన్ గిట్లియ్యి! గీ నౌకరి ఒద్దు, గా పైసలొద్దు! యాభై ఎనిమిదేండ్లోడంటే మీ నాయినకన్న పెద్దోడే! ముగ్గురు పిల్లల తండ్రినా నువ్వు చేస్కునేది?" అంది.

చేస్కునేది. ఆ ఒక్క మాటతో నా తలలో దీపం వెలిగింది. డాబా, ట్యాంకు, బకెట్, మూసారాంబాగ్ ఫొటో అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ క్షణమే నోరు తెరిచి అసలు సంగతి చెప్పేసి ఉంటే బుద్ధిమంతురాలిని అయ్యేదాన్ని. కానీ గుమ్మంలో కళ్లు ఇంతలేసి చేసుకుని నిలబడ్డ ఓనరాంటీని చూశాను. ఇన్నాళ్లూ నా ఫోన్ మాటలు తేరగా విన్నది కదా, ఇంకొంచెం విననిద్దాం అనిపించింది. తల వంచుకుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "మీ ఇష్టం పెద్దనాన్నా. కాకపోతే ఆయన ఎంబడి ఇంకో ఇద్దరు కూడ ఒస్తరు" అన్నాను.

"ఇద్దరా! ఎవరు?"

"ఒకాయన చేతికింద ఉంటడు. ఇంకొకాయన కాళ్లు పిసుకుతడు."

"కాళ్లు పిసకడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారంటే... బాగా ఉన్నవాళ్లే అయ్యుంటారండీ, వదినగారూ" అంది ఆంటీ, కొంచెం గౌరవంగా. అమ్మ ఆమె వైపు చూసిన చూపుకు కరివేపాకు వాడిపోవాలి.

అప్పుడు మోగింది ఫోను. పెద్దనాన్న లాక్కుని స్పీకరు నొక్కాడు. పెనాల్టీ గొంతుకు హాలంతా దద్దరిల్లింది. "ఒచ్చిండే! సంతకాలైపోయినయ్! ఫొటో కూడ పెట్టిండ్రు, జల్ది చూడు! ఎంత మంచిగున్నడే గుండుతోని!"

"సంతకాలైపోయినయా!" అని నాన్న గోడకు చేరగిలబడ్డాడు. వెంటనే ఫొటో వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ తెల్లటాయన, నున్నటి గుండు, మెడలో క్లబ్బు రంగుల మఫ్లరు. అమ్మ చూసి, "దండ కూడ ఏసిండ్రు! నా బిడ్డ లేకుంటనే పెండ్లి చేసిండ్రు!" అని గొల్లుమంది. "ఇదేం సిరిసిల్ల మొకమే?" అన్నాడు నాన్న అయోమయంగా.

ఇక నావల్ల కాలేదు. నవ్వాపుకోలేక నేల మీద కూర్చుండిపోయి, "కోచ్ అమ్మా, కోచ్!" అన్నాను. అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. "కోచింగ్ సెంటర్ సారా!" అని అమ్మ లేచి నిలబడింది. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నానండీ" అంది ఆంటీ. ఫొటోలో ఆయన పక్కనున్న బంతిని గుర్తుపట్టింది చివరికి పెద్దనాన్నే. అద్దాలు సవరించుకుని, ఫోన్ దూరంగా పెట్టి చూసి, "అరె, ఈయన బాల్ ఆట నేర్పెటాయన గదనే" అన్నాడు.

అందరికీ అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక అమ్మ చేతికి దొరికిన తువ్వాలుతో నన్ను హాలు చుట్టూ తరిమింది. మధ్యలో అలిసిపోయి, నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక ఏడ్చి, మళ్లీ లేచి తరిమింది. ఆంటీ మాత్రం చివరిదాకా పట్టు వదల్లేదు. "నేనేమన్నా అబద్ధం చెప్పానా? నలుగురన్నావా, లేదా?" అని నిలదీసింది. నిజమే, అన్నాను.

"ఇంతగనం ఏడ్పిచ్చినోని మొకం ఒక్కపారి నేను చూడాలె" అని అమ్మ పట్టుబట్టడంతో ఆ తర్వాతి మ్యాచ్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అందరం పోయాం, ఆంటీతో సహా. సన్నగా జల్లు పడుతోంది. కొత్తాయన గీత దగ్గర తడుస్తూ నిలబడి ఏదో భాషలో అరుస్తున్నాడు. "అయ్యో, అల్లునికి ఎవరన్న గొడుగియ్యుర్రి!" అని అమ్మ కేకేసింది. ముందు వరసలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. పెద్దనాన్న మా ఆటగాళ్లను ఉద్దేశించి "ముందుకు జరుగుర్రి, ముందుకు!" అని అరిచాడు. ఆ మాత్రం సలహా అంతకుముందు నలుగురిలో ఎవరూ ఇచ్చినట్టు లేరు. అయినా ఓడిపోయాం. ఆంటీ రిఫరీని భీమవరం భాషలో తిట్టిన తిట్లు పెనాల్టీ తర్వాత చాలాకాలం వాడుకుంది.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో నాన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. రైలు మూసారాంబాగ్ దాటింది. "సిరిసిల్ల గాకున్న మాట్లాడుదామనే అనుకున్న బిడ్డా" అన్నాడు ఉన్నట్టుండి, కిటికీలోంచి చూస్తూ. "నువ్వు రోజూ డాబా మీద గట్ల తిరుగుతుంటే, ఎవ్వడైతేంది, ఆయనెవరో జల్ది ఒస్తే మంచిగుండు అనిపిచ్చింది." నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆయన భుజం మీద తల పెట్టాను. చొక్కా తడిగా ఉంది.

ఆ సెర్బియా ఆయన కూడా ఎండలు ముదరకముందే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. అందరికంటే ఎక్కువ బాధపడింది అమ్మే. "పాపం, మంచి మనిషి" అంటుంది ఇప్పటికీ. ఆయన ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకపోయినా సరే. పెనాల్టీ కొడుకు క్రికెట్ ఆడతాడు. నేను ఎల్‌బీ నగర్‌లో కాపురం పెట్టి, పొద్దున్నే టిఫిన్ బాక్సులు కట్టి, సాయంత్రం అలసిపోయి వచ్చే మనిషినయ్యాను. ఇప్పుడు మా క్లబ్బుకు కోచ్ ఎవరో నాకు తెలియదు. తెలియదని గుర్తొచ్చినప్పుడు చిన్న సిగ్గు, అంతే. ఎప్పుడైనా ఆ సందులోంచి పోవాల్సి వస్తే తలెత్తి ఆ డాబా వైపు చూస్తాను. ఇంకెవరివో బట్టలు ఆరేసి ఉంటాయి. ముఖం కూడా ఎరగని ఒక మనిషి కోసం ఆకలి మరిచి అంత ఎదురుచూసిన పిల్లను పిలిచి, ఆయన వచ్చినా మీరు ఓడిపోతారే పిచ్చిదానా, కిందికి దిగి అన్నం తిను అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు, తెలుసు. ఇంకాసేపు మాట్లాడుకోనీలే అనుకుని, నా దారిన నేను పోతాను.