ఏడు తెల్ల పేజీలు

మా ప్రెస్సులో పనిచేసే వదిన గురించి ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. లక్షల పుస్తకాలు కుట్టిన మనిషి గురించి ఒక్క పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఒళ్ళు మండి నేనే మొదలుపెట్టాను. నేను కటింగు మిషను వాణ్ణి. అంచులు కత్తిరించడం తెలుసు గానీ రాయడం తెలీదు. నచ్చకపోతే చదవడం మానెయ్యండి.

వదిన పందొమ్మిదో ఏట బైండింగు బల్ల దగ్గర నిలబడింది. అది జరిగి ఇప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆమె భర్త ఇక్కడే అచ్చు మిషను నడిపేవాడు, పదకొండేళ్ళ కిందట పోయాడు. పిల్లల్లేరు. అతణ్ణి నేను అన్నా అని పిలిచేవాణ్ణి, అందుకే ఆమె వదినైంది. నన్ను చూసి ప్రెస్సంతా అదే పిలుపు అలవాటు చేసుకుంది.

ఆమె పని ఏమిటంటే, పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారాలన్నీ బల్ల చుట్టూ దొంతరలుగా పేరుస్తారు. వదిన గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి లాగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి చేతిలో పుస్తకం ఉంటుంది, ఇక కుట్టెయ్యడమే. వరస తప్పకుండా ఫారం వీపు మీద వేసే నల్ల గీత తప్ప లోపల ఏముందో ఏనాడూ చూసి ఎరగదు. చదవచ్చు కదా అంటే, "నేను చదువుతూ కూచుంటే నువ్వొచ్చి కుడతావేంటి?" అనేది.

అలాంటి మనిషి ఈ ఎండాకాలం ఒక నవల్లో పడింది. రాసింది హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మ, తన క్లాసు పిల్లల కోసం. అందులో భూమ్మీద నీళ్ళన్నీ విషమైపోతాయి. జనం రాలిపోగా ఆఖరికి ఒకచోట నలభై మంది మిగులుతారు. వాళ్ళలో ఒక పదహారేళ్ళ పిల్ల మంచినీటి ఊట వెతుక్కుంటూ కొండెక్కుతుంది. పాడైన షీటొకటి మధ్యాహ్నం కంచం కింద పరుచుకుని, తింటూ నాలుగు వాక్యాలు చదివింది వదిన. అంతే! కంచం పక్కకి జరిగిపోయింది.

ఇక రోజుకో ఫారం మిషను దిగడమే తడవు, మొదటి కాగితం ఆమెకే. ఆ మూలనుంచి కేకలు. "మరిదీ, ఆ పిల్లకి దారి దొరికిందయ్యా!" "మరిదీ, ఆ కాపలావాడు మోసం చేశాడు, వాడి చేతులు పడిపోను!" నేనూ తక్కువ తిన్నానా? కట్ట కత్తి కింద పెట్టి, మీట నొక్కడం మరిచిపోయి వినేవాణ్ణి. పదకొండు ఫారాలు అయ్యాయి, పన్నెండోదే మిగిలింది.

"ఆ పిల్ల బతుకుతుందంటావా?"

"నన్నడుగుతావేంటి వదినా? నేనేమన్నా బ్రహ్మనా?"

మర్నాడు మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది, ఆఖరి ఫారం ప్రూఫు చూసి సంతకం పెట్టడానికి. నాలుగింటికి దాని అచ్చు ప్లేటు చెయ్యాలి. వదిన చెయ్యి తుడుచుకుని ప్రూఫు అందుకుని, నిలబడే చదివింది. మొహం కందగడ్డయింది.

"చంపేశావా?" మీరు అనడం కూడా మరిచిపోయింది.

టీచరమ్మ బిత్తరపోయింది. "అందరూ పోతారండీ. అది చదివి పిల్లలకి భయం పుట్టాలి. అప్పుడే జాగ్రత్తపడతారు."

"భయపెడితే బాగుపడేదయితే మా మరిది ఎప్పుడో బాగుపడేవాడు!"

నేను పక్కున నవ్వాను. వదిన నవ్వలేదు. ప్రూఫు బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. "ఫారానికి పదహారు పేజీలు. నీ కథ తొమ్మిదింటికే అయిపోయింది. మిగతా ఏడూ తెల్లగా పోతాయి. ఏడు పేజీలు ఊరికే వదిలేస్తావు గానీ, ఒక్క పిల్లని బతికించవా?"

ఓనరు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, రాసినావిడతో..."

"మీరుండండి సార్!"

ఇరవై ఆరేళ్ళలో ఓనర్ని ఆ మాటనడం అదే మొదలు. టీచరమ్మ ఆ తెల్ల పేజీలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత మెల్లిగా, "పెన్నుందా?" అంది.

బల్ల మీద ఫారాలు జరిపి చోటిచ్చాం. ఆవిడ రాస్తుంటే, ఒక్కో పేజీ వదిన పైకి చదివి కంపోజింగు గదిలోకి అందించింది. మిషన్లు ఆగిపోయాయి. రెండో పేజీలో చచ్చిందనుకున్న పిల్ల దగ్గుతూ లేచింది. నాలుగో పేజీలో కొండ కొనకెక్కింది. ఆరో పేజీలో ఊట దొరికింది, దోసిలి పట్టి తాగింది, బతికింది! నేను ఈల వేశాను. గడియారం చూస్తూ గొణుగుతున్న ఓనరు కూడా స్టూలు లాక్కుని, "తర్వాత?" అన్నాడు.

వదిన మాత్రం కాగితం దించేసింది. "ఒక్కతేనా?"

"మీరడిగింది ఆ పిల్లని బతికించమనే కదండీ."

"అడిగాను, బుద్ధిలేక. ఒక్కతే బతకడమంటే ఏంటో నన్నడుగు తల్లీ. పొద్దున్న తాళం వేసేది నేనే, సాయంత్రం తీసేది నేనే. పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. ఆ పిల్లకి ఆ బతుకొద్దు. ఇంకో పేజీ ఉందిగా, ఎవర్నో ఒకర్ని రానివ్వు."

"ఎవర్ని?"

"ఎవరైనా సరే. తిట్టేవాళ్ళయితే మరీ మంచిది."

అన్న పోయాక పదకొండేళ్ళుగా నాలుగడుగుల దూరంలో నిలబడి ఆమెతో వేళాకోళాలాడుతున్నాను. ఇంటికెళ్ళి ఏం చేస్తావని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. తల దించుకున్నాను.

నాలుగవడానికి పది నిముషాలుందనగా ఆఖరి పేజీ చేతికొచ్చింది. వదిన చదవడం మొదలుపెట్టింది. పిల్ల కొండకి అవతలివైపు దిగింది. రాతి గోడల ఇల్లొకటి కనిపించింది, తలుపు మూసుంది. రెండు చేతులతో బాదింది. జవాబు లేదు. మళ్ళీ బాదింది. లేదు. అప్పుడు లోపలినుంచి ఒక ముసలి గొంతు, "ఎవరే ఆ బాదుడు? తలుపు ఊడిపోతే నువ్వు బిగిస్తావా?"

వదిన కాగితం గుండెకి అదుముకుంది. కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోనైనా తుడుచుకోకుండా, వీధిలోకి వినపడేలా అరిచింది.

"ఉన్నారర్రా! ఇంకా మనుషులున్నారు!"