మంజులత ఫ్లాపీ

దేవరకొండలో లతీఫ్ సారు కంప్యూటర్ సెంటర్‌లోకి ఎవరైనా చెప్పులు విడిచే రావాలి. రోజూ మెత్తటి గుడ్డతో మానిటర్ తుడిచి, "బిస్మిల్లా" అంటూ స్విచ్ వేస్తాడాయన. నాలుగైదు రోజులుగా స్విచ్ వేయగానే తెర మీద ఏదో తెలియని బొమ్మ గంతులేస్తోంది.

"నీ ఫ్లాపీతోనే గీ రోగం అంటింది" అని అందరి ముందూ అక్కడ నేర్చుకునే మంజులతను బయట అరుగు మీద కూర్చోబెట్టాడు.

ఇవాళ, స్విచ్ వేయగానే వాటంతటవే నడిచేవి ఉండే స్టార్టప్ ఫోల్డర్ తెరిస్తే ఆ బొమ్మ ప్రోగ్రామ్ దొరికింది. దాని మీద పోయిన శుక్రవారం తేదీ ఉంది. ఆ సెలవునాడు తలుపేసుకుని, బామ్మర్ది ఫ్లాపీలోని పేకాట ఎక్కించుకుని ఆడింది తానే. గబగబా దాన్ని తీసేశాడు.

"దొరికిందా సార్? ఎవరి ఫ్లాపీల నుంచి వచ్చింది?" గడప అవతలి నుంచి మంజులత అడిగింది.

 లతీఫ్ "లోపలికి రా బిడ్డా" అన్నాడు.

ఆమె చెప్పులు విడవబోయింది.

"వద్దు, గట్లనే రా" అన్నాడు తలెత్తకుండా.