ఆమె చదివిన 'నేను'

పొద్దున వికారాబాద్‌లో ఎక్కి తాండూరులో దిగే రైల్లో ఆమె నాకు దగ్గరైంది. ఇద్దరం తాండూరులో ఒకే బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, ఉద్యోగానికి కొత్త.

తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పాల్సి వచ్చి చిక్కులో పడింది. "అక్కా, పిల్లలు మస్తు పరేషాన్ చేస్తున్నరు. ప్రథమ పురుష అంటే 'ఆమె, వాడు' అని తెలుగు సార్ చెప్పిండట. నేనేమో ఫస్ట్ పర్సన్ అంటే 'నేను' అంటున్న. ఎవరు కరెక్టని అడుగుతున్నరు."

"ఇద్దరూ కరెక్టే. మన ఉత్తమ పురుషే వాళ్ళ ఫస్ట్ పర్సన్. పేర్లతోని పనేంది? ఒకటే కథ రెండు తీర్ల చెప్పి చూపియ్యి" అన్నాను.

"అయితే నువ్వే ఒకటి రాసియ్యరాదే. నిజంగ జరిగిందైతే పిల్లలు మంచిగ వింటరు."

రాశాను. మా ఆయనకు కూడా చెప్పని సంగతి అది. మా అమ్మ తాండూరులో నాపరాళ్ళు పాలిష్ చేసే చోట పనిచేసేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, వానొచ్చేలా ఉందని మధ్యాహ్నం గొడుగు పట్టుకుని బడికి వచ్చింది. జుట్టు నిండా రాతి పొడి, పాలిష్ నీళ్ళకు మోకాళ్ళ దాకా తడిసిన చీర. ఎవరే ఆమె అని పక్కపిల్ల అడిగితే, "మా ఇంటి పక్కామె" అన్నాను. అమ్మకు వినబడింది. గొడుగు నా చేతికిచ్చి, "మీ అమ్మ ఇయ్యమన్నది బిడ్డా" అని వెళ్ళిపోయింది.

దాన్ని ఇంగ్లీషులో 'షి' అంటూ రాశాను. 'ఐ' అని రాయడానికి చెయ్యి రాలేదు.

"ఇది నాదే. క్లాసుల నా పేరు తియ్యకు" అంటూ కాగితం ఇచ్చాను. చదివి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీ తోడు అక్కా, తియ్య" అంది.

వారం తర్వాత అదే కథను 'ఐ'లోకి మార్చి తెచ్చింది, తప్పులు దిద్దమని. ఒకచోట 'హర్ మదర్' అలాగే ఉండిపోయింది. కొట్టేసి 'మై మదర్' అని నేనే రాశాను. కథలో 'ఐ' అంటే రాసినామె కాదని పిల్లలకు చెప్పమన్నాను.

రెండు నెలలకు వికారాబాద్‌లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ పెట్టారు. మీ జీవితంలో మరిచిపోలేనిది చెప్పండని అడిగితే ఆమె వేదిక ఎక్కి ఆ కాగితం తీసింది. 'ఐ' అని మొదలుపెట్టింది. 'మై మదర్' అన్నప్పుడు గొంతు వణికింది. వాళ్ళమ్మ రిటైరైన టీచరు. ఆవిడ చేతి భోజనం నేను తిన్నాను.

హాలంతా చప్పట్లు. నా పక్కనున్న టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, ఎంత కష్టపడి పైకొచ్చిందో" అంది. నేను తలూపాను.

చాయ్ దగ్గర ఆమెను పట్టుకుని, "అది మా అమ్మ" అన్నాను.

"కథనే గద అక్కా. కథల 'ఐ' అంటే రాసినామె కాదని నువ్వే చెప్పినవ్."

"మరి కథ అని వాళ్ళకు చెప్పినవా?"

చాయ్ కప్పు కింద పెట్టింది. "నీ పేరైతే తియ్యలే" అంది. ఇంతలో ఎవరో సెల్ఫీ అడిగితే అటు తిరిగి నవ్వింది.

ఆ కాగితాన్ని టైపు చేయించి, ఆమె పేరుతో మా బడి నోటీసు బోర్డులో పెట్టారు. రోజూ దాని ముందు నుంచే క్లాసుకు వెళ్తాను. నాదని చెప్పొచ్చు. చెప్పాలంటే కన్నతల్లిని కాదన్నది నేనేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేనని ఆమెకు ముందే తెలుసు. నేను నమ్మి చెప్పుకున్నదాంట్లోంచే ఆ సంగతి ఏరుకుంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బదిలీకి దరఖాస్తు పెట్టాను. ఇంకా రాలేదు.