తల రుద్దించిన నర్సమ్మ గారు

మా పక్కింటి నర్సమ్మ గారు ప్రభువునందు నిద్రించారని మొన్న పొద్దున్నే చర్చి మైకులో చెప్పారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా పర్చూరు మొత్తం కునుకు తీసే మిట్టమధ్యాహ్నం కూడా ఆవిడ నిద్రపోగా నేను చూడలేదు.

ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరైనా ఆవిడ చెయ్యి రిటైర్ కాలేదు. పక్కన ఎవరు కూర్చున్నా, కబుర్లు చెబుతూనే మణికట్టు పట్టుకుని నాడి చూసేవారు. మా అమ్మాయి నాడి చూసేటప్పుడు మాత్రం ఆ కబుర్లు ఆగిపోయేవి. అప్పుడది రెండేళ్ళ పిల్ల. జ్వరం తగ్గితే దగ్గు, దగ్గు తగ్గితే చెవిపోటు. మా అత్తగారు ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. నర్సమ్మ గారు బలానికని టానిక్ పట్టించారు. అయినా పిల్ల పుల్లలాగే ఉండేది. అసలు నాకు దక్కుతుందా అని ఏడ్చేదాన్ని.

చివరికి ఆవిడే మమ్మల్ని గుంటూరు బ్రాడీపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పిల్ల తండ్రి ఏం చేస్తారని ఆయన అడిగారు. షాపులో ట్రాక్టర్ల పాత బ్యాటరీలు విప్పి బాగుచేస్తారని చెప్పాను. రక్తపరీక్షలో సీసం ఎక్కువగా ఉందని తేలింది. షాపులోని సీసం దుమ్ము మా ఆయన చొక్కాకి అంటుకుని ఇంటికొస్తోంది. సాయంత్రం గేటు చప్పుడవగానే పిల్ల పరిగెత్తుకెళ్ళి ఆ చొక్కానే కరుచుకునేది. సీసం ఒంట్లో చేరితే రక్తం తగ్గుతుందని, రోగాల్ని ఎదిరించే శక్తి కూడా దెబ్బతింటుందని డాక్టరు చెప్పి, మందులు రాశారు.

తిరుగు బస్సులో నర్సమ్మ గారు తన తెలివికి తానే నవ్వుకున్నారు. "నేను బలం పోస్తూ కూర్చున్నానమ్మా. లోపలికొచ్చేదాన్ని ఆపాలని తట్టనేలేదు" అన్నారు.

మర్నాటి నుంచి షాపు బట్టలు షాపులోనే విప్పాలి, ఇంటికి రాగానే తలస్నానం చెయ్యాలి, పిల్లని ముట్టుకోవడం ఆ తర్వాతే. అప్పటిదాకా ఆవిడ పిల్లని చంకనేసుకుని గోడవతల కాపలా ఉండేవారు.

"ఏమయ్యా, తల రుద్దుకున్నావా?"

"రుద్దుకున్నానండి."

"చెవుల వెనక?"

మా ఆయన మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళేవారు. నెలలు గడిచేకొద్దీ పిల్ల తేరుకుంది. ఆవిడంటే నాకెంత ప్రేమో ఒక్కసారీ పైకి చెప్పలేదు. చెప్పి ఉంటే, నాకేమైందోనని నా నాడి మరోసారి చూసేవారు.

నిన్న సమాధుల తోటలో ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఇప్పుడు పదేళ్ళదైన మా అమ్మాయి గొడుగు కిందికి రానంది. పెట్టె దించేదాకా తడుస్తూ నిలబడింది. ఒకప్పుడైతే ఆ వానకి వారం మంచం దిగేది కాదు. ఈ పొద్దున భయంభయంగా దాని నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. అది కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.