నలుపు మీద ఐదు, తెలుపు మీద ఐదు

భాస్కరరావు గారు దేన్నీ ఒక్క చూపుతో నమ్మరు. నల్ల అట్ట ముందు పెట్టి ఐదు లెక్కపెడతారు, తెల్ల అట్ట ముందు పెట్టి మరో ఐదు లెక్కపెడతారు. అప్పుడు గానీ ఆ వస్తువు పనికొస్తుందని ఒప్పుకోరు. శంషాబాద్ దగ్గర మా ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో ఆయన నాణ్యత చూసే అధికారి కాబట్టి మందు సీసాలను అలా చూడటం ఉద్యోగధర్మం. చాయ్‌నీ, మజ్జిగనీ, కాబోయే అల్లుడి ఫొటోనీ కూడా అలాగే చూడటం మాత్రం ఆయన సొంత తెలివి.

ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు ఉన్న అట్టముక్క ఆయన జేబులోనే ఉండేది. లెక్క మధ్యలో పైనుంచి విమానం పోయిందా, మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఎయిర్‌పోర్టు పక్కనే ఉద్యోగం కనుక ఆయన వేడి చాయ్ తాగగా నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి బావమరిదిని సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లి, నీళ్ల సీసాను దీపం కింద ఎత్తి పట్టుకుని లెక్కపెడుతుంటే సెక్యూరిటీ వాళ్లు చుట్టుముట్టారు.

"ఏంది సార్, అండ్ల ఏమున్నది?"

"ఏమీ లేదని తేల్చుకుంటున్నానండీ. కాస్త ఆగండి."

వాళ్లు ఆగలేదు. నేను వెళ్లి బతిమాలి విడిపించుకొచ్చాను.

2012లో ఇలాంటి మనిషి ముందుకు నేను కెమెరా యంత్రాన్ని తెచ్చాను. అప్పటిదాకా సీసాల్లో నలుసులు వెతికేది రావిర్యాల నుంచి వచ్చే పన్నెండు మంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు ముత్తమ్మ. మంచి సీసాల ఫొటోలు కొన్ని, నలుసున్నవి కొన్ని చూపించి నేర్పితే, నా యంత్రం నిమిషానికి నూట ఇరవై సీసాలు చూసి తేడా చెప్పేస్తుంది. ఫ్యాక్టరీ మేనేజర్ దుర్గేష్ గారు అందరి ముందే ప్రకటించారు: "యంత్రం పాసైన రోజే ఈ పన్నెండు మందికీ ఆఖరి రోజు." పాసు చేయవలసింది భాస్కరరావు గారు.

ఆయన చేస్తేగా!

"ఏవయ్యా శ్రీకాంత్, నీ యంత్రం ఐదు లెక్కపెట్టిందా?"

"దానికి అర సెకను చాలు సార్."

"అర సెకనులో నేను మా ఆవిడనే గుర్తుపట్టలేను. తీసుకుపో."

రిపోర్టు వెనక్కి వచ్చేది. నెలకో వంక, వంకకో వంకర. నాకు ఒళ్లు మండిపోయేది. ముత్తమ్మ మాత్రం మొక్కేది. "సారు సాదస్తం సల్లగుండ! ఇగ ఇంకో నెల నడుస్తది."

నిజం చెప్పొద్దూ, యంత్రం కూడా తెలివితక్కువదే. గాలిబుడగ కనబడితే నలుసనుకుని మంచి సీసాలను వందలకొద్దీ అవతల పారేసేది. ఒకరోజు ముత్తమ్మ నా వెనక నిలబడి చూసి నవ్వింది.

"గీ మిషన్‌కు గింత సోయి లేదా? సీసను గిర్రున తిప్పి ఆపున్రి సార్. బుడగ పైకి పోతది, నలుసు కిందికి దిగుతది."

నేను యంత్రానికి సీసాకు ఒక్క ఫొటోనే చూపిస్తున్నాను. ఒక్క ఫొటోలో పైకీ కిందికీ ఏం తెలుస్తుంది? కాటేదాన్‌లోని ఒక వర్క్‌షాపులో సీసాలు తిప్పే చక్రం చేయించి, తిప్పి ఆపి వరసగా ఆరు ఫొటోలు చూపించాను. తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. గంతులేశాను. ఆ ముక్క చెప్పి ముత్తమ్మ తన ఉద్యోగానికి తనే ఎసరు పెట్టుకుందని గుర్తొచ్చాక సిగ్గేసింది.

భాస్కరరావు గారికి అప్పుడే కొత్త పిచ్చి పట్టింది. యంత్రం అనుమానించిన ప్రతి ఫొటోనూ ముగ్గురు చూసి తేల్చాలట, ఆ ముగ్గురూ ఈ పన్నెండు మందిలోంచే రావాలట. కంప్యూటర్ తెరమీద కూడా నలుపు మీద ఐదు, తెలుపు మీద ఐదు! వాళ్లకు మౌస్ నేర్పే పని నా మెడకు చుట్టారు. ఎలక పారిపోతుందేమో అన్నట్టు ముత్తమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకునేది. నాలుగు నెలల్లో యాభై వేల ఫొటోలు తేల్చారు. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో ఈయన రోజూ ఫైల్లో రాసుకునేవారు. విసిగిపోయిన దుర్గేష్ గారు ఈయన చూపించిన చోటల్లా సంతకం పెట్టేసేవారు.

చివరికి 2013 ఫిబ్రవరిలో యంత్రం పాసైంది.

"రేపటి నుంచి ఆ పన్నెండు మందినీ రావద్దనండి" అన్నారు దుర్గేష్ గారు.

భాస్కరరావు గారు ఫైలు ముందుకు జరిపారు. "నూట పన్నెండో పేజీ చూడండి. యంత్రానికి అనుమానం వస్తే, శిక్షణ పొందిన ఈ పన్నెండు మందే తేల్చాలి. వీళ్లు లేకుండా లైను నడపకూడదు."

"ఇదెవరు రాశారు?"

"రాసింది నేనే. సంతకం తమరిది."

పన్నెండు పేర్లు, పేరు పక్కన శిక్షణ గంటలు. ఇన్ని నెలలూ ఈ పేజీ తయారయ్యేదాకా ఆపడానికే నా రిపోర్టులు వెనక్కి వచ్చాయని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తలచుకుంటే ముఖం చెల్లలేదు.

"సార్, ఇన్నాళ్ల చాదస్తం ఇందుకేనా?" అని చెవిలో అడిగాను.

"చాదస్తమేమిటయ్యా? మనుషుల ఒంట్లోకి పోయే మందు" అని కసిరారు.

దుర్గేష్ గారు చెమట తుడుచుకున్నారు. "సరే, ఈ నియమం మార్చాలంటే?"

"ఆ పన్నెండు మందీ ఫైలంతా చదివి సంతకాలు పెట్టాలి. నూట పదమూడో పేజీ."

ముత్తమ్మను పిలిపించారు. "సంతకం పెడతావా అమ్మా?" అని దుర్గేష్ గారు తేనె పూసి అడిగారు.

"ఎందుకు పెట్ట సార్? పెడ్త" అంటూ ఆమె ఫైలు అందుకుని బరువు చూసింది. "మూడొందల పేజీలున్నయ్ గద. సదువకుంట పెట్టుడు మంచిది కాదు. జర నిమ్మళంగ సదువుకుంట."

ఇప్పుడు 2014. ముత్తమ్మ పద్నాలుగో పేజీలో ఉంది.