జెండా కాక కుడి భుజం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఎప్పుడొస్తుందో, బంద్ ఎప్పుడు పడుతుందో ఎంత చదువుకున్నవాళ్లూ చెప్పలేకపోయేవారు. తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదే కాపురం పెట్టిన కాలం. నా ధ్యాసంతా నా కొత్త తెల్లకోటు మీద. ఫిజియోథెరపీ చదువు ముగించి, మెయిన్ రోడ్డు మీద ఒక ఎముకల క్లినిక్‌లో అప్పుడే చేరాను. నొప్పి ఉన్నచోట జెల్ పూసి, అల్ట్రాసౌండ్ మిషన్ పిడిని గుండ్రంగా తిప్పడం నా పని. దానికి చప్పుడు ఉండదు, మంట ఉండదు. అందుకని దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. (జెల్లే అసలు మందనుకుని ఇంటికి కొంచెం కట్టిమ్మన్నవాళ్లూ ఉన్నారు.) నాకు దక్కిన బిరుదు ‘జిగురు డాక్టరమ్మ’.

మా మీర్‌పేట్ గల్లీలో చీరల దుకాణం నడిపే పెద్దమనిషిని అందరూ జెండా కాక అనేవారు. ఊరేగింపుల్లో నినాదం ఇచ్చేది ఆయనే. ఆయన కుడి భుజం పట్టేసింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ‘జై తెలంగాణ’ అని పిడికిలి ఎత్తబోతే చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పక్కన పోతున్న షేర్ ఆటో కూడా ఆగింది. “ఎక్కు కాకా, ఒక్క సీటున్నది” అన్నాడట డ్రైవర్. కాక ఆ రాత్రి అన్నం తినలేదు.

“ఎడమ చెయ్యి ఎత్తరాదూ?” అన్నాను, తెలివిగా.

“దేవునికి హారతి ఎడమ చేత్తోని తీస్తవా బిడ్డా?” అన్నాడు.

మా డాక్టరుగారు ముందు స్కాన్ చేస్తానన్నారు. “గా స్కాను కడుపుతోని ఉన్నోళ్లకు చేస్తరు గద సార్!” అని కాక లేచి నిలబడ్డాడు. కూర్చోబెట్టి చూస్తే, లోపల ఏదీ తెగలేదు, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయిందని తేలింది. మిషన్ పెట్టించుకోవాలి, గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ కొంచెం పైకి పోవాలి. నెలలు పడుతుందన్నారు. “పెద్ద ఊరేగింపు నాటికి లేవకుంటే నినాదం ఇంకొకరికిస్తరు. జర చూడు బిడ్డా” అన్నాడు కాక. నేను లేపుతానని మాటిచ్చాను. అనుభవం లేనివాళ్లకు మాట ఇవ్వడం తేలిక.

మా క్లినిక్‌లో అదే గోడకు, అదే రోగంతో, తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరమ్మ కూడా వచ్చేది. తన జడ తాను వేసుకోలేకపోవడం ఆవిడ బాధ. ఇద్దరి వేళ్లూ ఎంత దాకా వెళ్లాయో గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసేదాన్ని. పైన వేలాడే క్యాలెండర్‌ను అందుకోవడమే ఇద్దరి గురి. మూడోనాటికి తగాదా మొదలైంది.

“నా గోడ నాకు సపరేట్ గావాలె” అన్నాడు కాక.

“గోడ ఒక్కటేనండీ, కలిసే ఉంటుంది. ఏం, నా గీత పైనుందనా?” అంది టీచరమ్మ.

ఆమె ఒక వేలు ఎక్కితే ఈయన రెండు వేళ్లు ఎక్కేవాడు. మధ్యలో కరెంటు పోయినా గోడ దిగేవారు కాదు. గొప్పంతా నా మిషన్‌దేననుకుని రోజూ దానికి దండం పెట్టుకునేదాన్ని.

ఊరేగింపు రోజున బస్సుల్లేవు. టీచరమ్మ నడిచే వచ్చింది. ఇద్దరం కిటికీలోంచి చూస్తున్నాం. కింద జనం మధ్య కాక పిడికిలి ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగింది. కాక ఒక్క క్షణం ఆలోచించి, పిడికిలి విప్పి, ఎదుట గోడ ఉన్నట్టే గాలిలో వేళ్లు పాకించడం మొదలుపెట్టాడు.

“ఎక్కండి! ఇంకొంచెం! క్యాలెండర్ దాకా!” అని టీచరమ్మ కిటికీలోంచి గావుకేక పెట్టింది.

చెయ్యి నిటారుగా లేచింది. పిడికిలి బిగిసింది. రోడ్డంతా ‘జై తెలంగాణ’ అని మోగిపోయింది. టీచరమ్మ తలపైకి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. తర్వాత నావైపు చూసి, “భుజానికి కొట్టానమ్మాయ్, నినాదానికి కాదు” అంది. అప్పుడు గమనించింది, తన చేతులు ఎక్కడున్నాయో. దించబుద్ధి కాలేదు ఆవిడకు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ కిటికీ ముందు నుంచి మెట్రో పోతోంది. నా భుజమే పట్టేసింది. తుర్కయంజాల్‌లో మా ఇంట్లో, నా మిషన్ నాకే పెట్టుకుని, గోడ మీద వేళ్లు పాకిస్తున్నాను. ఒంటరిగా ఎక్కితే చెయ్యి లేవడం లేదు. అందుకని మొన్న నా గీత పక్కన, కొంచెం పైన, ఇంకొకరి గీత కూడా గీసి పెట్టాను. దానితో రోజూ పోట్లాడుతున్నాను.